మోకాటి వాపులన్నీ వాతం కావు: కీలు పొరలో పెరిగే 'నిరపాయ' అర్బుదం

మోకాలు వాచిందంటే చాలు, మన ఇళ్లలో ముందుగా వినిపించే మాట "వాతం చేసింది" అనేదే. వెంటనే వావిలాకు నీళ్లలో కాగుతుంది, ఆముదపాకు పెనం మీద వెచ్చబడుతుంది, అటక మీది తైలం సీసా కిందికి దిగుతుంది. చాలా సందర్భాలలో ఈ ఉపచారాల వలన నష్టం ఉండదు, ఉపశమనం కూడా కలుగుతుంది. కాని వాతం కాని వాపు ఒకటి ఉన్నది. అది కీలు లోపలి పొరలో పుట్టి, నెలలు, సంవత్సరాలు గడచినా నొప్పి పెద్దగా తెలియనీయకుండా పెరిగి, చివరకు మృదులాస్థిని, ఎముకను తినివేసే ఒక అర్బుదం. ఆధునిక వైద్యులు దీనిని 'నిరపాయకరమైన కంతి' అంటారు. ఈ 'నిరపాయం' అనే మాట ఎంతవరకు నిజమో, ఎక్కడ మనలను ఏమరుపాటుకు గురిచేస్తుందో పాఠకులకు తెలియజేయాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాను. ఇందులో నా పొరపాటు కూడా ఒకటి చెప్పుకోవలసి ఉన్నది.

నేను చూసిన రోగి

2011వ సంవత్సరం వేసవిలో నాకు చిరకాల మిత్రుడైన ఒక ఉపాధ్యాయుడు తన కుమార్తెను నా వద్దకు తీసుకొనివచ్చాడు. ఆమె వయస్సు 28 సంవత్సరాలు. ఎడమ మోకాలు ఏడాదిగా వాస్తూ, తగ్గుతూ ఉన్నది. దెబ్బ తగిలిన జ్ఞాపకం లేదు. జ్వరం లేదు. తక్కిన కీళ్లలో ఏ బాధా లేదు. నొప్పి కంటె బరువు, బిగువు ఎక్కువ. మెట్లు దిగేటప్పుడు ఒక్కొక్కసారి కాలు పట్టివేసినట్లయి, కొంచెం అటూ ఇటూ కదిపితే విడిపోయేది. పట్టణంలో ఒక డాక్టరుగారు సూదితో కీలులోని నీరు తీయించారట.

"ఆ నీరు చింతపండు పులుసు రంగులో ఉందండీ, అన్నయ్యగారూ" అని ఆమె తల్లి ఆందోళనతో చెప్పింది.

"సూది గుచ్చినప్పుడు ఏదో చిన్న రక్తనాళం చిట్లి ఉంటుందమ్మా" అని నేను ఆ మాటను తేలికగా తీసివేశాను.

మోకాలు నడుమ ఉబ్బి, పైన కింద సన్నగా, నక్కతల ఆకారంలో ఉన్నది. సుశ్రుత సంహిత నిదానస్థానంలో వాతవ్యాధుల అధ్యాయంలో వాతమూ రక్తమూ కలిసి మోకాటిలో పుట్టించే శోథను 'క్రోష్టుకశీర్షం' అన్నారు. క్రోష్టుకమంటే నక్క. లక్షణం కళ్లకు కట్టినట్లున్నది కనుక నేను మరేమీ ఆలోచించలేదు. యోగరాజ గుగ్గులు, మహారాస్నాది కషాయం ఇచ్చాను. జానువస్తి చేయించాను. మహానారాయణ తైలంతో నిత్యం మర్దనం చేయమన్నాను. వాపు ఒక నెల తగ్గేది, మరుసటి నెల తిరిగి వచ్చేది. తగ్గినప్పుడు మందు పనిచేసిందనుకున్నాము, పెరిగినప్పుడు పథ్యం చెడిందనుకున్నాము. ఇట్లు 14 నెలలు గడచినవి.

చివరకు ఆమె భర్త నగరంలోని ఎముకల వైద్యునికి చూపించి, ఎం.ఆర్.ఐ. తీయించాడు. కీలు పొర అంతటా అర్బుదం వ్యాపించి ఉన్నదనీ, తొడ ఎముక చివరా, జంఘాస్థి తలపైనా గుంటలు పడినవనీ తేలింది. ఆ ఫిల్ములను పట్టుకొని నా మిత్రుడు నా వద్దకే మళ్లీ వచ్చాడు. నన్ను నిందించలేదు. "ఇదేమిటో కాస్త చదివి నాకు తెలుగులో చెప్పు" అన్నాడు. ఆనాడు ఆయనకు సరిగా చెప్పలేకపోయాను. తరువాత చదివి తెలుసుకొన్నదే ఇక్కడ వ్రాస్తున్నాను.

కీలు లోపలి పొర

మన శరీరంలో కదలే కీళ్లన్నింటిలోనూ శ్లేష్మధరా కళ అనే పొర ఉన్నదని సుశ్రుతుడు చెప్పాడు. ఏడు కళలలో ఇది నాలుగవది. ఇరుసుకు కందెన వేసిన బండిచక్రం ఎట్లా సులువుగా తిరుగుతుందో, ఈ కళలోని శ్లేష్మం వలన కీళ్లు అట్లా కదలుతాయని ఆయన ఉపమానం. ఆధునికులు సైనోవియం అని పిలిచే పొర చేసే పనీ ఇదే. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఇది చాలా పలుచనిది. గుడ్డులోని తెల్లసొన వంటి జిగట ద్రవాన్ని స్రవించి, మృదులాస్థికి పోషణ అందిస్తుంది. నరములను పోలిన కండరబంధనాలు వేళ్లలో జారిపోయే ఒరలకు కూడా ఇటువంటి పొరే లోపలి వస్త్రంగా ఉంటుంది.

ఈ పొరలో పుట్టే అర్బుదాన్ని నేడు టెనోసైనోవియల్ జెయింట్ సెల్ ట్యూమర్ అంటున్నారు. వేళ్ల ఒరలలో కనిపించే చిన్న గడ్డను 1852లోనే ఫ్రెంచి శస్త్రవైద్యుడు షసెన్యాక్ వర్ణించాడు. 1941లో అమెరికాలో జాఫె, లిక్టెన్‌స్టీన్, సుట్రో అనే ముగ్గురు వైద్యులు కీళ్లలోని రూపానికి పిగ్మెంటెడ్ విల్లోనాడ్యులర్ సైనోవైటిస్ అని పేరు పెట్టారు. రంగు పట్టినది, నూలుపోగుల వంటి మొలకలూ ముడులూ కలిగినది, పొరకు కలిగిన శోథ అని ఆ పేరుకు అర్థం. పేరులోనే 'శోథ' అని ఉండుట చేత ఇది వాపు జబ్బా, అర్బుదమా అనే వివాదం చాలా కాలం సాగింది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో వేళ్లలోని గడ్డనూ, కీళ్లలోని వ్యాధినీ ఒకే అర్బుద కుటుంబంగా చేర్చారు.

ఇందులో రెండు రకాలు ఉన్నవి. ఒకచోట ముడిగా నిలిచేది మొదటిది. అది ఎక్కువగా చేతివేళ్లలో, గట్టిగా, నొప్పి లేని చిన్న గడ్డగా కనిపిస్తుంది. కీలు పొరనంతటినీ ఆక్రమించేది రెండవది. ఇది ఎక్కువగా మోకాటిలో వస్తుంది, తుంటి, చీలమండ కీళ్లలో కూడా వస్తుంది. 20 నుండి 50 సంవత్సరాల మధ్య వయస్సువారిలో ఎక్కువ. స్త్రీలలో కొంచెం అధికం. సాధారణంగా ఒకే ఒక కీలులో ఉంటుంది.

ఇది అరుదైన వ్యాధి. 2017లో నెదర్లాండ్స్ పరిశోధకులు వేసిన అంచనా ప్రకారం పది లక్షల జనాభాకు ఏటా వేళ్లలో వచ్చేవి సుమారు 29, ఇతర కీళ్లలో ముడిగా వచ్చేవి 10, వ్యాపించే రకం 4. ఇదే లెక్క మనకు వర్తిస్తుందనుకుంటే, 2011 జనాభా గణన నాటికి సుమారు 8 కోట్ల 46 లక్షల మంది ఉన్న రెండు తెలుగు రాష్ట్రాలలో వ్యాపించే రకమే ఏటా 300 మందికి పైగా రావాలి. వారిలో ఎందరు వాతమని, కీళ్ల అరుగుదల అని నూనె రాసుకుంటూ కాలం గడుపుతున్నారో ఆలోచించవలసిన విషయం.

పిలుపు పంపే మాంసకృత్తు

ఇక ఈ అర్బుదం ఎట్లా పెరుగుతుందో చూద్దాము. మాంసకృత్తులు అనగానే కందిపప్పు, పాలు, గుడ్లు జ్ఞాపకం వస్తాయి. ఇక్కడ చెప్పేవి అవి కావు. ప్రతి కణమూ తన పనుల కోసం తానే తయారుచేసుకొనే వేలకొలది మాంసకృత్తులు ఉంటాయి. కొన్ని పనిముట్లు, కొన్ని వార్తాహరులు. పప్పు మానివేసినంత మాత్రాన ఇవి తగ్గవు, తిన్నందువలన పెరగవు.

ఈ వ్యాధిలో ముఖ్యమైన వార్తాహరి పేరు సి.ఎస్.ఎఫ్.-1. మన రక్తంలో ఉండి క్రిములను, మృతకణాలను మ్రింగివేసే భక్షక కణాలను పుట్టించి, పోషించి, పిలిపించే మాంసకృత్తు ఇది. అందరి శరీరాలలోనూ అవసరమైనంత ఉంటుంది. దీనిని తయారుచేసే జన్యువు ఒకటవ క్రోమోజోము మీద ఉన్నది. ఈ అర్బుదాలలో చాలావాటిలో ఆ జన్యువు ఉన్న భాగం తెగి, రెండవ క్రోమోజోము మీద ఆరవ రకం కొల్లాజెన్‌కు చెందిన ఒక జన్యువు ప్రక్కన అతుక్కొంటుంది. తాళపత్ర గ్రంథంలో ఒక ఆకు తన చోటు తప్పి వేరే ప్రకరణంలో చేరినట్లు అన్నమాట. ఆ కొత్త చోట సి.ఎస్.ఎఫ్.-1 ఉత్పత్తికి అదుపు ఉండదు.

2006లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇందులో ఒక ఆశ్చర్యకరమైన విషయం బయటపెట్టారు. అర్బుదంలో ఈ మార్పు కలిగిన కణాలు 2 నుండి 16 శాతం మాత్రమే. మిగిలినవన్నీ ఆ పిలుపు విని వచ్చిన భక్షక కణాలు. అంటే పెళ్లి పిలిచిన ఇంటివారు నలుగురు, పందిరి నిండా బంధువులు. శుభలేఖలు ఆగకుండా పంచుతూనే ఉంటే పందిరి చాలక ఇల్లంతా నిండిపోయినట్లు, పిలుపు ఆగనంతవరకు కీలు పొర ఉబ్బుతూనే ఉంటుంది.

ఈ జన్యుమార్పు తల్లిదండ్రుల నుండి వచ్చేది కాదు, పిల్లలకు సంక్రమించేదీ కాదు. జీవితంలో ఎప్పుడో ఆ కీలులోని ఏదో ఒక కణంలో జరిగినది. అంటువ్యాధి అసలే కాదు. పెళ్లి సంబంధాల వేళ ఇటువంటి వ్యాధుల పేర్లు చెప్పి ఆడపిల్లలను బాధించే అలవాటు మన సమాజంలో ఉన్నది కనుక ఈ మాట స్పష్టంగా వ్రాస్తున్నాను.

కీలును కరిగించే మాంసకృత్తులు

వచ్చిన బంధువులు ఊరకే కూర్చుంటే అంత చేటు ఉండేది కాదు. వీరు ఇంటి స్తంభాలకే చేటు తెస్తారు. ఆ విధానం మూడు తెరగులుగా ఉంటుంది.

మొదటిది, మృదులాస్థి కరుగుట. మృదులాస్థికి బలం కొల్లాజెన్ అనే దారాల అల్లిక. ఆ అల్లికను కత్తిరించే మాంసకృత్తుల వర్గం ఒకటి ఉన్నది. మాట్రిక్స్ మెటాలోప్రోటీనేజులు అని పేరు, ఎం.ఎం.పి. అని క్లుప్తంగా వ్రాస్తారు. ఒకటవ సంఖ్య గలది కొల్లాజెన్ దారాన్ని తెంచుతుంది. తొమ్మిదవ సంఖ్య గలది తెగిన తునకలను ఇంకా చిన్నవిగా చేస్తుంది. ఆరోగ్యవంతునిలో కూడా ఇవి ఉంటాయి. పాత దానిని తొలగించి కొత్త దానికి చోటు చేయటం వీటి పని. వీటిని అదుపుచేసే విరోధి మాంసకృత్తులు కూడా ప్రక్కనే ఉంటాయి. ఈ అర్బుదపు పొరలో కత్తిరించేవి మిక్కుటమై, అదుపు చాలకపోవుటయే అనర్థం. దోషసామ్యమే ఆరోగ్యం, వైషమ్యమే రోగం అని మేము గురుకులంలో నేర్చుకొన్న సూత్రానికి ఇది భిన్నమైనది కాదు.

రెండవది, ఎముక తినివేయబడుట. భక్షక కణాలు కొన్ని ఒకదానితో ఒకటి కలిసిపోయి, అనేక కేంద్రకాలు గల రాక్షస కణాలుగా మారుతాయి. వ్యాధి పేరులోని 'జెయింట్ సెల్' ఇదే. ఎముకను సహజంగా తొలిచే ఆస్టియోక్లాస్టు అనే కణాల గుర్తులు ఈ రాక్షస కణాలలో ఉన్నట్లు 1997లోనే చూపించారు. అటువంటి కణాలను తయారుచేయించే ర్యాంక్-ఎల్ అనే మాంసకృత్తు కూడా ఈ పొరలో కనిపిస్తుంది. అందువలననే కీలుకు ఇరువైపులా ఎముకలలో గుంటలు పడతాయి.

మూడవది, రక్తస్రావము. అర్బుదపు మొలకలు సున్నితమైనవి, రక్తనాళాలు మెండుగా గలవి. కీలు కదలికలో నలిగి మాటిమాటికి కొద్దికొద్దిగా రక్తం కారుతుంది. ఆ రక్తంలోని ఇనుము హిమోసిడరిన్ అనే గోధుమరంగు పదార్థంగా పొరలో నిలిచిపోతుంది. పొరకు తుప్పు రంగు, నీటికి చింతపండు పులుసు రంగు రావటానికి కారణం ఇదే. ఆకుకూరలు తిన్నందువలనో, ఇనుము బిళ్లలు మింగినందువలనో వచ్చినది కాదు.

మోకాటి కీలు విశాలమైనది కనుక అర్బుదం పెరగటానికి చోటు దొరికి, ఎముక చాలా ఆలస్యంగా చెడుతుంది. తుంటి కీలు ఇరుకైనది కనుక అక్కడ ఎముక త్వరగా చెడుతుంది. రెండింటిలోనూ ఒకసారి పోయిన మృదులాస్థి ఏ మందుతోనూ పూర్వస్థితికి రాదు. 'నిరపాయం' అనే మాట ప్రాణానికి సంబంధించినంతవరకు నిజం. ఇది ఇతర అవయవాలకు పాకి ప్రాణం తీయటం అత్యంత అరుదు. కాని ఆ మాట కీలుకు వర్తించదు. మోకాలు వైకల్యకర మర్మమని, అక్కడి హాని కుంటితనాన్ని మిగుల్చుతుందని మన శాస్త్రం చెప్పినది ఇక్కడ జ్ఞాపకం పెట్టుకోవలసి ఉన్నది.

రక్తపరీక్షలో ఎందుకు దొరకదు?

ఇన్ని మాంసకృత్తులు ఉన్నప్పుడు రక్తం పరీక్ష చేయిస్తే తెలిసిపోదా అని కొందరు అడుగుతారు. ఈ మధ్య కొన్ని ప్రయోగశాలలు కాన్సరు మార్కర్ల పేరుతో ఒకేసారి అనేక పరీక్షలు చేసి పెట్టుతున్నవి. వాటిలో ఏదీ ఈ వ్యాధిని పట్టుకోలేదు. పైన చెప్పిన మాంసకృత్తుల పని అంతా ఆ కీలులోనే జరుగుతుంది. రోగి రక్తంలో ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. వంటివి తరచు మామూలుగానే ఉంటాయి. రుమటాయిడ్ ఫాక్టరు ఉండదు. రక్తపరీక్షలన్నీ బాగున్నవి కనుక భయం లేదనుకోవటం ఇక్కడ పెద్ద పొరపాటు. కీలు వాచి ఉండగా రక్తం బాగుండటమే వైద్యునికి ఒక సూచన కావాలి.

మొదట్లో ఎక్స్‌రే కూడా మామూలుగానే ఉండవచ్చు. ఎం.ఆర్.ఐ.లో మాత్రం పొరలో నిలిచిన ఇనుము నల్లని మచ్చలుగా కనబడుతుంది. అనుభవం ఉన్న వైద్యుడు దానిని చూసి చాలావరకు గుర్తించగలడు. చివరి నిర్ధారణ చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూసినప్పుడే. మాంసకృత్తుల గుర్తులు ఉపయోగపడేది అక్కడే. సి.డి.68, సి.డి.163 అనే గుర్తులు పిలుపు విని వచ్చిన భక్షక కణాలను చూపుతాయి. క్లస్టెరిన్ అనే గుర్తు పిలిచిన అసలు కణాలను పట్టియిస్తుంది. కీళ్ల ప్రక్కన పుట్టే ప్రాణాంతకమైన కంతులు కొన్ని ఉన్నవి. వాటి నుండి దీనిని వేరుచేసి నిర్ధారించుకొనుట రోగికి ఎంతో ముఖ్యం.

ఈ లక్షణాలు ఉంటే ఉపేక్షించరాదు

1. ఒకే ఒక కీలు, ముఖ్యంగా మోకాలు, దెబ్బ తగలకుండా వాచి, ఆరు వారాలు దాటినా పూర్తిగా తగ్గకపోవటం.

2. వాపు తగ్గుతూ, మళ్లీ మళ్లీ రావటం.

3. కీలు మధ్యలో పట్టివేసి, కదిపితే విడిపోవటం.

4. సూదితో తీసిన నీరు ఎర్రగా, ఇటుక రంగులో, లేక గోధుమ రంగులో ఉండటం. నీరు పచ్చగా ఉన్నంత మాత్రాన ఈ వ్యాధి లేదని కూడా చెప్పరాదు.

5. నొప్పి కంటె వాపు చాలా ఎక్కువగా ఉండటం.

6. చేతివేలి మీద గట్టి గడ్డ నెమ్మదిగా పెరగటం.

ఈ లక్షణాలన్నీ ఈ వ్యాధికే పరిమితమైనవి కావు. మన దేశంలో ఒకే కీలు చాలాకాలం వాచి ఉంటే క్షయను తప్పక అనుమానించాలి. మగపిల్లలలో రక్తం గడ్డకట్టని జబ్బు వలన కీలులో రక్తం చేరవచ్చు. ఏది ఏదో తేల్చవలసినది పరీక్ష, ఊహ కాదు. కీలు ఎర్రబడి, వేడిగా ఉండి, జ్వరం కూడా వస్తే అది చీము పట్టిన కీలు కావచ్చును. అప్పుడు ఒక్క రోజు కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

చికిత్స

ప్రధాన చికిత్స శస్త్రకర్మయే. ముడిగా ఉన్నదానిని పూర్తిగా తీసివేస్తే చాలామందికి తిరిగి రాదు. వ్యాపించిన రకంలో చెడిన పొరనంతటినీ, మోకాటి ముందువైపూ వెనుకవైపూ, తొలగించవలసి వస్తుంది. అయినా తిరిగి రావటం తరచుగా జరుగుతుంది. శేషం మిగిల్చిన అర్బుదం మళ్లీ పెరుగుతుందని, అందుచేత నిశ్శేషంగా తొలగించవలెనని సుశ్రుతుడు చికిత్సాస్థానంలో శస్త్రవైద్యుని హెచ్చరించాడు. ఈ వ్యాధిని చదువుతున్నప్పుడు ఆ హెచ్చరిక నాకు పదేపదే మనస్సుకు వచ్చింది. కాని కీలు వంటి సందులున్న చోట నిశ్శేషం చేయటం సులభం కాదు. ఆపరేషను తరువాత కూడా డాక్టరు చెప్పిన వ్యవధిలో ఎం.ఆర్.ఐ. తీయించుకుంటూ ఉండాలి.

సి.ఎస్.ఎఫ్.-1 పిలుపును వినిపించనీయకుండా చెవి మూసే మందులు ఈ మధ్య వచ్చినవి. 120 మందిపై జరిగిన పరీక్షలో పెక్సిడార్టినిబ్ అనే మందు వాడినవారిలో 25 వారాలకు 39 శాతం మందికి అర్బుదం గణనీయంగా తగ్గింది. మందు లేని గుళికలు తీసుకున్నవారిలో ఒక్కరికీ తగ్గలేదు. 2019 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, శస్త్రచికిత్సతో మేలు పొందలేని పెద్దలకు దానిని అనుమతించింది. కాని కొందరిలో తీవ్రమైన కాలేయ హాని కలిగినందున కఠినమైన నిబంధనలు పెట్టారు. 2020లో ఐరోపా ఔషధ సంస్థ నిపుణుల సంఘం దానికి అనుమతి ఇవ్వవద్దని సిఫారసు చేసింది. 2025 ఫిబ్రవరిలో విమ్‌సెల్టినిబ్ అనే మరొక మందుకు అమెరికాలో అనుమతి లభించింది. ఇవి నిపుణుల పర్యవేక్షణలో వాడవలసినవే. ఇటువంటి మందు తీసుకుంటున్నవారు ఇంటి కషాయాలు, మా వంటివారు ఇచ్చే గుళికలు ఏవి వాడుతున్నా ఆ డాక్టరుకు దాచకుండా చెప్పాలి. కాలేయం మీద భారం మోపే మూలికలు మన శాస్త్రంలోనూ ఉన్నవి.

ఆయుర్వేద మందులతో ఈ అర్బుదం కరుగుతుందా అని నన్ను అడిగేవారు ఉన్నారు. కరిగినట్లు నేను చూడలేదు. చూడనిదానిని ఆశపెట్టి చెప్పలేను.

ఇంటిలో చేయరానివి, చేయదగినవి

నిర్ధారణ కాని వాచిన కీలును గట్టిగా మర్దించరాదు. లోపలి మొలకలు నలిగి రక్తస్రావం హెచ్చే ప్రమాదం ఉన్నది. వేడి ఆకులు, ఇటుక కాపడం, ఇసుక మూట పెట్టరాదు. బిగుతుగా నాటుకట్టు కట్టించరాదు. జలగలు పట్టించరాదు. వాపు వచ్చిన ప్రతిసారీ నీరు తీయించుకొని ఊరకుండరాదు. తీసిన నీటి రంగును గమనించి, పరీక్షకు పంపించి, ఆ కాగితం భద్రపరచుకోవాలి.

వాపు ఎక్కువగా ఉన్న రోజున చల్లని నీటిలో పిండిన గుడ్డను, లేక గుడ్డలో చుట్టిన మంచును 10 నుండి 15 నిమిషాలు ఉంచవచ్చు. మంచును నేరుగా చర్మానికి తగలనీయరాదు. నేల మీద బాసిపట్టు వేసుకొని కూర్చోవటం, గొంతుకూర్చొనటం, బరువు పట్టి మెట్లెక్కటం తగ్గించాలి.

ఆపరేషను తరువాత, శస్త్రవైద్యుడు అనుమతించిన నాటి నుండి, తొడ కండరానికి వ్యాయామం ముఖ్యం. కాలు చాపుకొని, మోకాటి క్రింద చుట్టిన తువాలు పెట్టి, దానిని క్రిందికి నొక్కుతున్నట్లుగా తొడను బిగించి, 5 అంకెలు లెక్కించి వదలాలి. ఉదయం 10 సార్లు, సాయంత్రం 10 సార్లు చాలు. పెసలు, ఉలవలు, పాలు, రాగి, నువ్వులు ఆహారంలో ఉండాలి. ఇవి అర్బుదానికి మందు కావు, క్షీణించిన కండరానికి బలం. గాయం పూర్తిగా మానిన తరువాత, డాక్టరు సరేనంటే, కీలును వదిలి తొడకూ పిక్కకూ గోరువెచ్చని నువ్వులనూనె మెల్లగా రాయవచ్చు.

చివరి మాట

నా మిత్రుని కుమార్తెకు 2012లో శస్త్రచికిత్స జరిగింది. మూడేళ్లకు మోకాటి వెనుకభాగంలో చిన్న ముడి మళ్లీ కనిపించగా దానినీ తీసివేశారు. ఇప్పుడు నడుస్తుంది, ఉద్యోగం చేస్తుంది, మెట్లు నెమ్మదిగా ఎక్కుతుంది. కాని ఎముకలో పడిన గుంటల వలన మోకాలు పూర్తిగా ముడవదు. ఇంట్లో వ్రతం చేసుకున్నప్పుడు పీట మీద కూర్చొనలేక కుర్చీ వేసుకుంటుంది. నేను ఆ ఇంటికి వెళ్లినప్పుడు ఆ కుర్చీని చూస్తాను. 14 నెలలు ముందుగా పంపించి ఉంటే ఆ గుంటలు ఇంకా చిన్నవిగా ఉండేవేమో.

వ్యాధికి ఒకసారి పేరు పెట్టిన తరువాత వైద్యుని చూపు మందగిస్తుందని, పేరు పెట్టినా రోజూ కొత్తగా చూడవలెనని మా గురువుగారు చెప్పేవారు. ఆ తల్లి చెప్పిన చింతపండు పులుసు రంగు గురించి నేను ఆ రోజు మరొక ప్రశ్న అడిగి ఉండవలసినది. ఇది చదువుతున్న తల్లులు, తండ్రులు అటువంటి గుర్తు ఏదైనా చూసి ఉంటే వైద్యునికి చెప్పండి. ఆయన తీసివేసినా మరొకసారి చెప్పండి. ఆరు వారాలలో తగ్గని ఒంటి మోకాటి వాపును, ఎంతటి వైద్యుడు వాతమన్నా సరే, ఒక్కసారి ఎముకల వైద్యునికి చూపించండి.